శనివారపు రెండు గంటలు

(మన సంఘపు విద్యార్థి విభాగము వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పట్టణపు అంచున ఉన్న శ్రీలంక తమిళుల శిబిరములోని పిల్లలకు మన విద్యార్థులు శనివారము శనివారము చేయుచున్న సాయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ పనిని చూచుకొనుచున్న ఉపసంఘము పక్షమున మేము మాటాడుచున్నాము. మూడేండ్లలో ఇంతమంది చదివిరి, ఇంతమంది ఉత్తీర్ణులైరి అని లెక్కలు చదివి చప్పట్లు అందుకొనుట సులభము. ఆ లెక్కలు వార్షిక నివేదికలో ఉన్నవి, కావలసినవారు చూచుకొనవచ్చును. ఈ పనిలో మేమొక తప్పు చేసితిమి. దానిని ముందుగా చెప్పుకొందుము. వచ్చు జూన్ మాసమున మీలో కొందరు ఈ పనికి పేర్లు ఇయ్యనున్నారు గనుక, ఆ తప్పు మీచేత మరల జరుగరాదని మా కోరిక.

మొదటి సంవత్సరము మాకు ఉత్సాహము మెండు. ఇరువదిమంది విద్యార్థులు పేర్లిచ్చిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క బాలునో బాలికనో జత కూర్చితిమి. వారిలో ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్న యువకుడొకడు తొమ్మిదవ తరగతి బాలునికి తోడుగా కుదిరెను. యువకుడు మంచివాడు, లెక్కలు చక్కగా చెప్పును. బాలుడు మొదటి రెండు వారములు తలయెత్తలేదు. మూడవ వారమునుండి మాటాడ నారంభించెను. ఐదవ వారమున తన క్రికెట్ బ్యాటు తెచ్చి చూపెను. ఏడవ వారము తరువాత యువకునికి పరీక్షలు వచ్చినవి, ఆపైన వేరొక ఊరిలో శిక్షణ దొరకినది. అతడు మాకు ఒక కబురు పంపెను. మేము దానిని పుస్తకములో వ్రాసికొంటిమి. ఆ బాలునికి మాత్రము ఎవరును చెప్పలేదు. నాలుగు శనివారములు వాడు లెక్కల పుస్తకము పట్టుకొని మన భవనము మెట్లమీద కూర్చుండి చూచెను. ఐదవ శనివారము రాలేదు. అర్ధసంవత్సర పరీక్షల తరువాత బడి మాని, తండ్రితో కూడ గోడలకు రంగులు వేయు పనికి పోయెను.

వాడు బడి మానుటకు మేమే కారణమని అనుటలేదు. వాని ఇంటి ఇబ్బందులు వానికి ఉండెను. అయితే మేము ఆ ఇంటికి వెళ్లినప్పుడు తల్లి నిష్ఠురముగా కాక, నెమ్మదిగా ఒక మాట చెప్పినది: "మొదటినుండి ఎవరును రాకున్న వాడు ఎదురుచూచి ఉండడు గదా." ఆ మాటకు మాయొద్ద బదులు లేకపోయెను.

తరువాత మేము ఈ విషయమున ఇతరులు ఏమి కనుగొనిరో వెదకి చదివితిమి. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అను సంస్థ పిల్లలకును పెద్దలకును ఇట్లే జతలు కూర్చును. ఆ జతలను పరిశీలించి జీన్ గ్రాస్మన్, జీన్ రోడ్స్ అను విదుషీమణులు 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఒక సంవత్సరమో అంతకు మించియో నిలిచిన జతలలో పిల్లలకు మేలు కనబడినది. మూడు నెలలలోపల తెగిపోయిన జతలలోని పిల్లలకు తమపై తమకున్న గౌరవమును, చదువగలమను ధైర్యమును మునుపటికంటె తగ్గినవి. అనగా, సగములో విడిచిన సాయము సాయము లేకపోవుటకంటె చెడ్డదిగా పరిణమింపవచ్చును. మేము ఏడు వారములు చేసి విడిచితిమి. ఆ వ్యాసము ముందే చదివియుండిన మంచిదే. అయినను ఇంత చిన్న సంగతికి వ్యాసము చదువవలసిన పనియేమి? ఇంటికి వచ్చెదనని చెప్పి రాని మేనమామకొరకు వాకిట నిలుచున్న పిల్లను చూచినవారికి అది తెలియనిది కాదు.

ఇక ఈ పిల్లలెవరో చెప్పవలెను. మనలో చాలమందికి ఆ శిబిరము బస్సులోనుండి కనబడు రేకుల కప్పుల వరుస మాత్రమే. 1983 జూలైలో శ్రీలంకలో జరిగిన మారణకాండ తరువాత తమిళులు సముద్రము దాటి రామేశ్వరపు తీరమునకు రానారంభించిరి. 1990లోను, 1996 ప్రాంతమునను, 2006 తరువాతను మరికొన్ని విడతలుగా వచ్చిరి. మండపము శిబిరమున దిగి, అక్కడనుండి జిల్లాల శిబిరములకు చేరిరి. మొత్తముమీద వచ్చినవారు సుమారు 3 లక్షలు. తిరిగి పోయినవారు పోగా, నేడు వందకు పైగా శిబిరములలో అరువది వేలకు కొంచెము తక్కువగా ఉన్నారు. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ఈ స్థలములకు కాందిశీకుల శిబిరములను పేరు తీసి పునరావాస శిబిరములని పేరు పెట్టి, 317 కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, శిథిలమైన ఇండ్లకు బదులు 7,469 ఇండ్లు కట్టుదుమని ప్రకటించెను. నెలసరి భృతిని కుటుంబ పెద్దకు 1,500 రూపాయలకును, ఇతర పెద్దలకు 1,000 రూపాయలకును, పిల్లలకు 500 రూపాయలకును పెంచెను. ప్రతిభాక్రమమున ఇంజనీరింగులో చేరు శిబిరపు విద్యార్థులలో 50 మందికి రుసుములు భరింతుమనియు చెప్పెను. ఇవి మంచి పనులు.

కాని మన యెదుట కూర్చుండు పిల్లలు సముద్రము దాటి వచ్చినవారు కారు. వారి తాతలు, తల్లిదండ్రులు వచ్చిరి. వీరు ఇచ్చటనే, మన ప్రభుత్వ ఆసుపత్రులలోనే పుట్టిరి. మన పిల్లలు చదువు బడులలోనే చదువుచున్నారు. అయినను పౌరులు కారు. 1987 జూలై 1 నుండి ఈ దేశమున పుట్టినంతమాత్రమున పౌరసత్వము రాదు. తల్లిదండ్రులలో ఒక్కరైనను భారత పౌరులై ఉండవలెను. 2004లో ఆ నియమము మరింత బిగిసినది. 2019లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టము పాకిస్తాను, బంగ్లాదేశము, ఆఫ్ఘనిస్తానమునుండి వచ్చిన కొందరికి వర్తించును. శ్రీలంక పేరు అందు లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు. కావున ఈ పిల్లవాడు పుట్టిన ఊరిలోనే, పుట్టిననాటినుండి అతిథి. అతిథి మర్యాద ఒకనాడు, రెండునాళ్లు. పదునారేండ్లు అతిథిగా ఉండుట ఎట్టిదో మీరే ఊహించుకొనుడు.

మనకు వీరితో ఏమి సంబంధము అని కొందరు పెద్దలు అడిగిరి. సంబంధము కలదు; అది మన బియ్యపుగింజలలోనే ఉన్నది. యానాము ప్రక్కనున్న కోరంగి రేవునుండి మన పూర్వులు ఓడలెక్కి బర్మాకు పోయిరి. ఆ రేవు పేరుననే అక్కడివారు మనవారిని కొరంగీలని పిలిచిరి. అది ప్రేమతో పెట్టిన పేరు కాదు. రంగూను రేవులో బస్తాలు మోసినవారు చాలవరకు తెలుగువారే. 1930 మే నెలలో అక్కడి అల్లర్లలో చంపబడినవారును వారే. 1942లో జపానువారు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవులబడి, కొండలబడి కాలినడకన వచ్చిరి. వేలమంది దారిలోనే పోయిరి. మిగిలినవారును, తిరిగి వెళ్లినవారును 1964లో అక్కడి ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, పెద్ద నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు చేతిసంచులతో విశాఖపట్టణమునను, చెన్నపట్టణమునను దిగిరి. విశాఖలోని బర్మా క్యాంపు పేరు నేటికిని నిలిచియున్నది. ఈ సభలో ఆ కుటుంబములవారు మూడు వరుసలకు తక్కువ కాకుండ ఉన్నారని మేము ఎఱుగుదుము.

మా ఉపసంఘములోని ఒక సభ్యురాలి నాయనమ్మ అట్లు వచ్చినవారే. అప్పటికి ఆమెకు పదేండ్లు. ఇంటిలో తెలుగు మాటాడినను, వ్రాయుటకు వచ్చినది బర్మా లిపి మాత్రమే. ఇచ్చటి బడిలో ఆమెను తనకంటె మూడేండ్లు చిన్నవారితో కూర్చుండబెట్టిరి. 'బర్మాపిల్ల' అని పిలిచిరి. ప్రభుత్వము ఆ కుటుంబమునకు ఇంటిస్థలము ఇచ్చినది, చిన్న వర్తకమునకు అప్పు ఇచ్చినది. ఆ సంగతులు నాయనమ్మగారికి అంతగా జ్ఞాపకము లేవు. ఎదురింటి అమ్మాయి, తనకంటె నాలుగేండ్లు పెద్దది, ప్రతి సాయంకాలము అరుగుమీద పలకతో కూర్చుండి గుణింతము దిద్దించిన సంగతి మాత్రము ఆమె ఇప్పటికిని చెప్పుకొనును. ఆ అమ్మాయి ఏ సంఘమునకును సభ్యురాలు కాదు, ఏ బిళ్లయు ధరింపలేదు. పెండ్లియై అత్తవారింటికి పోవు దినమున, వచ్చి చెప్పి పోయెనట. "చెప్పి పోయినది" అని నాయనమ్మగారు రెండుసార్లు అందురు. మేము చేయవలసియుండి చేయనిది ఆ ఒక్కటియే.

ఒక భేదము మఱువరాదు. బర్మానుండి వచ్చినవారిని మన ప్రభుత్వము స్వదేశమునకు మరలివచ్చిన వారిగా ఎంచెను. వారికి దారి కష్టమైనను, గమ్యము ఉండెను. ఈ పిల్లలకు గమ్యమే నిర్ణయము కాలేదు. కావున మన అనుభవమును వారికి పాఠముగా చెప్పబోవుట తగదు. "మేమును ఇట్లే కష్టపడి పైకి వచ్చితిమి" అను మాట వారి యెదుట నోట రానీయకుడు.

భాష విషయమున మనకును వారికిని గల పోలిక మాత్రము విచిత్రమైనది. వారిది తమిళము, ఊరిది తమిళము. ఇక చిక్కేమి అని మేమును మొదట అనుకొంటిమి. యాళ్పాణపు తమిళమున మాటాడుటను 'కదైక్కిరదు' అందురు. ఇచ్చటి పిల్లలకు అది కథ చెప్పుటగా వినబడును. అవునని చెప్పుటకు 'ఆమా' అనక 'ఓం' అందురు. తరగతిలో ఒక బాలిక అట్లనగా పిల్లలందరు చేతులు జోడించి నవ్విరట. ఆ బాలిక అప్పటినుండి ఇంటిలో ఒక తమిళము, బడిలో ఒక తమిళము మాటాడుచున్నది. అమ్మమ్మతో మాటాడునప్పుడు స్నేహితురాలు వచ్చినచో మాట మార్చును. ఈ సంగతి మన విద్యార్థిని ఒకతె చెప్పగా, మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. మన పిల్లలు బస్సులో అమ్మ ఫోను చేసినచో గొంతు తగ్గించి తెలుగు మాటాడుట మేము చూడలేదా? మన తెలుగు విని విజయవాడలోని చుట్టములు నవ్వుట మనమెఱుగనిదా? నాలుగువందల యేండ్లనాడు వెంట తెచ్చుకొన్న మాటలు మన ఇండ్లలో ఉన్నవి. అవి తప్పులని చెప్పువారు అచ్చటను ఉన్నారు, ఇచ్చటను ఉన్నారు. కనుక మా సేవకులకు మేము పెట్టిన మొదటి నియమమిది: పిల్లల మాటను దిద్దకుడు. పరీక్షలో వ్రాయవలసిన తమిళము వేరుగా నేర్పుడు. ఇంటి మాటను మాత్రము అడిగి తెలిసికొనుడు. ఆ 'ఓం' బాలిక ఇప్పుడు మన విద్యార్థినికి యాళ్పాణపు మాటలు వారమునకు ఐదు చొప్పున నేర్పుచున్నది. చెప్పువారికి వినువారు దొరకిన సంతోషము ఆ పిల్ల ముఖమున చూడవలసినదే.

ఈ పని లోకమున క్రొత్తది కాదు. 1974లో ఇశ్రాయేలు దేశమున పెరాఖ్ అను పేర విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక్కొక్క పిల్లవానికి తోడుగా నుండు పద్ధతి మొదలైనది. దానిని చూచి 1997లో స్వీడను దేశపు మాల్మో నగరమున, వలస వచ్చినవారు అధికముగా ఉన్న పేటల పిల్లలకొరకు నైటింగేల్ అను పక్షి పేరుతో అటువంటిదే ఆరంభించిరి. అందు గమనింపదగినది ఏమనగా, విద్యార్థి గురువుగా పోడు. వారమున కొన్ని గంటలు పిల్లవానితో గ్రంథాలయమునకో తోటకో పోవును, వంట చేయును, ఆటలాడును. కెనడాలో 1978 నుండి జరుగుచున్న పద్ధతి మరియొకటి. అక్కడ కళాశాలల విద్యార్థులు తమ రుసుముతో కూడ కొద్దిపాటి సొమ్ము చెల్లించి, ఇతర దేశముల శిబిరములలోని కాందిశీక విద్యార్థులను చదువునకు పిలిపించుకొందురు. వచ్చిన దినమున విమానాశ్రయమునకు వెళ్లుటనుండి చలికోటు కొనిపెట్టుటవరకు విద్యార్థుల కమిటీయే చూచుకొనును. రెండు వేలమందికి పైగా అట్లు చదువుకొనిరి. వచ్చినవారికి అక్కడ స్థిరనివాసపు హక్కుకూడ లభించును. మనయొద్ద విద్యార్థి సంఘముల చందాలు ఎక్కడ ఖర్చగునో ఈ సందర్భమున మేము ప్రస్తావింపము.

అంత దూరము పోనక్కరలేదు. శిబిరములవారు తమకు తాము సాయము చేసికొనిన చరిత్ర మనకంటె పాతది. ఎస్.జె.వి. చెల్వనాయకముగారి కుమారులు చంద్రహాసనుగారు 1984లో చెన్నపట్టణమున ఈళపు కాందిశీకుల పునరావాస సంస్థను స్థాపించిరి. శిబిరములలో చదువుకొన్న యువతీయువకులే సాయంకాలములు చిన్నపిల్లలకు పాఠములు చెప్పు ఏర్పాటు దానివలన వచ్చినది. 1991 తరువాత కొన్నియేండ్లు ఈ పిల్లలకు పై చదువుల తలుపులు మూసికొనినవి. 1996లో మరల తెరచుకొనినవి. ఆ నడుమ కాలమునను లాంతరు దీపములక్రింద పాఠములు ఆగలేదు. కావున మనము వెళ్లి వెలుగు పంచుచున్నామను భావము విడువుడు. వారి వరుసలో కడపట వచ్చి నిలిచినవారము మనము.

ఇక ఈ పని ఎట్లు జరుగునో చెప్పెదము. శిబిరములోనికి బయటివారు పోవుటకు అధికారుల అనుమతి కావలెను. అందుచేత పిల్లలే మన భవనమునకు వత్తురు. శనివారము నాలుగు గంటలకు మొదలు, ఆరు గంటలకు ముగింపు. హాలు తలుపులు తెరచియే ఉండును. జతలన్నియు ఒక్క హాలులోనే, ఒకరికొకరు కనబడునట్లు కూర్చుందురు. ఆడపిల్లలకు విద్యార్థినులే తోడు. జత కూర్చుటకు ముందు తల్లిదండ్రులను పిలిచి మాటాడి ఒప్పుదల తీసికొందుము. ఛాయాచిత్రములు తీయరాదు; మీ ఫోనులలో పెట్టి పదిమందికి చూపుటకు ఆ పిల్లలు రాలేదు. కానుకలు ఇయ్యరాదు. దీపావళికి ఒక విద్యార్థి తన బాలునికి ఖరీదైన బూట్లు కొనియిచ్చెను. ఆ వారమంతయు తక్కిన పిల్లలు తమ తోడు అన్నలవంక చూచిన చూపులు మాకు తెలియును. పెన్సిళ్లు మొదలు నిఘంటువులవరకు సంఘమే అందరికి సమముగా ఇచ్చును.

యుద్ధమునుగూర్చి అడుగరాదు. ఇది పాటించుట మీకు కష్టము, మీరు జాలిగలవారు గనుక. తాత ఎట్లు పోయెను, పడవలో ఎట్లు వచ్చిరి అని అడిగి కన్నీరు పెట్టుకొని ఇంటికి పోవుట మీకు తేలిక. ఆ పిల్ల ఆ రాత్రి ఆ మాటలతో ఒంటరిగా ఉండవలెను. చెప్పదలచినచో వారే చెప్పుదురు. అప్పుడు వినుడు. ఏమియు అనకుండ వినుట వచ్చినచో ఇంకను మంచిది.

ఇప్పుడు మమ్ము మిక్కిలి తికమక పెట్టిన సంగతికి వచ్చెదము. పండ్రెండవ తరగతి చదువుచున్న ఒక బాలికతో మన విద్యార్థిని, "బాగుగ చదువుము, మంచి ఉద్యోగము వచ్చును" అనినది. మనమందరము అను మాటయే. ఆ బాలిక కోపము లేకుండనే, "మా వీధిలో ఇద్దరు ఇంజనీర్లు ఉన్నారక్కా, గోడలకు రంగులు వేయుచున్నారు" అని బదులిచ్చెను. మన విద్యార్థిని ఇంటికి వచ్చి ఏడ్చినది. తరువాతి ఉపసంఘ సమావేశము ఆ ఒక్క మాటమీదనే జరిగినది. ఒకరు, ధైర్యము చెప్పవలెననిరి. ఒకరు, లేని ఆశ పెట్టుట పాపమనిరి. పౌరసత్వము లేనివారికి ప్రభుత్వోద్యోగములు లేవు, పాస్‌పోర్టు దొరకదు, ప్రైవేటు కంపెనీలలో కొన్ని వీరి గుర్తింపు కాగితములు చూచి వెనుకాడును. ఇవి నిజములు. వీటిని మీరు మార్చలేరు, మేము మార్చలేము.

చివరకు కుదిరిన అభిప్రాయమిది. అబద్ధము చెప్పరాదు. "నాకు తెలియదు, కలిసి విచారింతము" అని చెప్పి, చెప్పినట్లు విచారింపవలెను. ఆ విద్యార్థిని అట్లే చేసినది. ఏ కోర్సులకు శిబిరపు విద్యార్థులకు రుసుము మినహాయింపు కలదు, దరఖాస్తునకు ఏ ధ్రువపత్రము ఏ కార్యాలయమున తేవలెను, చదివిన తరువాత పౌరసత్వము అడుగని పని ఎక్కడ దొరకును, ఈ మూడు సంగతులు కనుగొనుటకు ఆమెకు నాలుగు శనివారములును రెండు సెలవుదినములును పట్టినవి. లెక్కల శాస్త్రము చదివిన శిబిరపు యువతులు కొందరు ఆడిటర్ల కార్యాలయములలో పనిచేయుచున్నారని తెలిసి, వారిలో ఒకరిని మన హాలునకు పిలిపించినది. ఆ అరగంటలో ఆమె చెప్పినది మా మూడేండ్ల బోధలకంటె విలువైనది. బాలిక బి.కాం. లో చేరినది. రేపు ఏమగునో మేము చెప్పలేము.

కాగితముల సంగతి మఱువకుడు. మాకు తెలిసి, మనము చేయగల గట్టి మేలు ఇది. ఒక కుటుంబము శ్రీలంకకు తిరిగి పోదలచినను, ఇచ్చటనే ఉండదలచినను, చట్టము రేపు ఎటు మారినను, జనన ధ్రువపత్రము, బడి పత్రములు, శిబిరపు నమోదు, వీటిలో పేర్లు ఒక్క తీరుగా ఉండుట ముఖ్యము. శిబిరపు పిల్లల జననములను చెన్నపట్టణములోని శ్రీలంక ఉప రాయబార కార్యాలయమున నమోదు చేయించుటకు పైన చెప్పిన చంద్రహాసనుగారి సంస్థ ఎంతో పాటుపడినది. ఒక బాలుని పేరు మూడు పత్రములలో మూడు విధములుగా ఉండుట చూచితిమి. ఇంటిపేరు లేని తమిళ పద్ధతియు, మొదటి అక్షరము వ్రాయు పద్ధతియు కలిసి వచ్చిన చిక్కది. మన ఇంటిపేర్లు తమిళ లిపిలో ఏమగునో ఎఱిగిన మనకు ఇది బోధపరచనక్కరలేదు. వరుసగా సరిచూచి, తప్పులు గుర్తించి, ఒక సంచిలో పెట్టి తల్లి చేతికి ఇయ్యుడు. మీలో న్యాయశాస్త్రము చదువువారు దీనికి మిక్కిలి అవసరము.

పెద్దల ఆక్షేపణ ఒకటి మిగిలినది. "మన పిల్లలకే తెలుగు చెప్పు దిక్కు లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టమువలన మన పిల్లలు ఒక్కొక్క తరగతిగా తెలుగు విడువవలసి వచ్చినది. 2016లో పదవ తరగతి పరీక్షకు న్యాయస్థానము మెట్లెక్కితిమి. అట్టి సంఘము తమిళ పిల్లలకు తమిళములో పాఠములు చెప్పుటకు తన హాలును, తన దీపపు ఖర్చును ఇచ్చుటయా?" ఈ మాట అనినవారు సంఘమునకు నలువది యేండ్లు సేవ చేసినవారు; వారి ఆవేదన మాకు తెలియును. వాదించి గెలువదలచుకొనలేదు. జరిగిన దొక్కటి మాత్రము విన్నవింతుము. యాళ్పాణపు మాటలు నేర్పుచున్న ఆ బాలిక ఒకనాడు మన విద్యార్థినిని, "మీ ఇంటి మాటను వ్రాసి చూపుము అక్కా" అని అడిగెను. మన విద్యార్థినికి తెలుగు వ్రాయుట రాదు. తన పేరుకూడ వ్రాయలేకపోయెను. మరుసటి ఆదివారము ఆమె మన తెలుగు తరగతిలో చిన్నపిల్లల ప్రక్కన కూర్చున్నది. ఆమె వెంట ఇప్పటికి మరి నలుగురు కళాశాల విద్యార్థులు వచ్చిరి. ఆదివారపు తరగతికి పెద్దపిల్లలు రావలెనని మనము పదేండ్లు కరపత్రములు వేసితిమి, ఎవరును రాలేదు.

ఈ పాఠము మన వారపత్రికలో అచ్చుపడునని సంపాదకులు చెప్పిరి గనుక ఇతర ప్రాంతముల సోదరులకు ఒక మాట. కోరాపుట్టు, మల్కనగిరి ప్రాంతముల తెలుగువారికి 1958లో మొదలైన దండకారణ్య పథకముక్రింద తూర్పు బెంగాలునుండి వచ్చి స్థిరపడిన గ్రామములు పొరుగుననే ఉన్నవి. వారు పౌరులే, వారి సమస్యలు వేరు. మైసూరు ప్రాంతమువారికి బైలకుప్పె టిబెటనుల స్థావరము ఎఱుకయే. మీమీ పొరుగున ఉన్న పిల్లలకు ఏమి కావలెనో మాకు తెలియదు; అది వారిని అడిగి, తరువాత ఆరంభింపుడు. మేము అడుగకుండ ఆరంభించి ఒక సంవత్సరము పాడుచేసికొంటిమి.

మొదట చెప్పిన బాలుని సంగతి అడుగుదురు. అతనికి ఇప్పుడు పదునేడేండ్లు. రంగుల పనిలోనే ఉన్నాడు. చేయి మంచిదని మేస్త్రీ మెచ్చుకొనునట. రాత్రి బడి విషయమై మేము రెండుసార్లు వెళ్లి అడిగితిమి, నవ్వి ఊరకుండెను. అతని చెల్లెలు ఈ యేడు మనయొద్దకు వచ్చుచున్నది. శనివారము పని ముగించుకొని, ఒంటిమీది సున్నపు మరకలతోనే ఆ పిల్లను సైకిలుమీద తెచ్చి దింపును. లోపలికి రమ్మన్నను రాడు. మెట్లమీద నిలిచి, చెల్లెలికి కుదిరిన అక్క వచ్చినదో లేదో చూచి, వచ్చినదని తెలిసినపిమ్మట వెళ్లిపోవును.

పేర్లిచ్చువారికి మా షరతులివి. జూన్ మాసము మొదలు మరుసటి ఏప్రిలువరకు, పరీక్షల వారములు తప్ప, ప్రతి శనివారము రావలెను. పరీక్షల తేదీలను ముందుగనే పిల్లవానికి చెప్పవలెను. మాకు కాదు, పిల్లవానికి. జబ్బుచేసినచో పది నిమిషములైనను ఫోనులో మాటాడవలెను. మధ్యలో ఊరు విడువవలసి వచ్చినచో, క్రొత్తవారిని వెంటబెట్టుకొని వచ్చి, ఇద్దరు కలిసి రెండు శనివారములు కూర్చుండి, చెప్పి పోవలెను. చివరి సంవత్సరమువారును, వేరే ఊరిలో ఉద్యోగముకొరకు ఎదురుచూచువారును దయచేసి పిల్లల జతకు పేరియ్యకుడు. కాగితముల పనికిని, ఆదివారపు తరగతికిని చేతులు చాలుటలేదు, అచ్చట మీకు చోటు కలదు. నమోదు పుస్తకము వాకిటి బల్లమీద ఉన్నది. ఈ దినమే సంతకము చేయవద్దు. ఇంటికి పోయి, అమ్మానాన్నలతో మాటాడి, మీ కళాశాల తేదీలు చూచుకొని, వచ్చు ఆదివారము పదిగంటలకు రండు.